పిడికెడు బొచ్చు

ఆ ఉదయం పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. దివాన్ దగ్గర్నుంచి బాల్కనీ గడప దాకా తెల్లటి బొచ్చు, కుచ్చులు కుచ్చులుగా. దూది ఏకి ఎవరో పారబోసినట్టుంది. ఈ మూల బెల్లం, ఆ మూల జున్ను. రెండూ బిగుసుకుని కూర్చున్నాయి. మూడేళ్ళుగా ఒకే పళ్ళెంలో కొత్తిమీర తిన్న కుందేళ్ళవి. మధ్యాహ్నం పూట ఒకదాని మెడ మీద ఇంకొకటి గడ్డం ఆనించి నిద్రపోయేవి. నేలంతా ఊడ్చి ఏరితే పిడికెడు బొచ్చు వచ్చింది.

"వీటికేం వచ్చిందే అమ్మాయ్!" అన్నారు మా అత్తయ్య, పూజకి పూలు కోసుకొస్తూ.

నాకూ అదే అర్థం కాలేదు. కూర్చుని ముందు రోజంతా గుర్తు చేసుకుంటే అప్పుడు తట్టింది. జున్నుని పళ్ళ కోసం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుందేలు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్లు. గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. దవడ పళ్ళు సమంగా అరక్కపోతే అంచులు మొనదేలి నాలుకకీ బుగ్గకీ గుచ్చుకుంటాయి. జున్నుకి మత్తిచ్చి ఆ మొనలు తీశారు. సాయంత్రం ఇంటికి తెచ్చి, పాపం అలిసిపోయిందని, తిన్నగా బెల్లం పక్కన వదిలేశాను. వాడు వచ్చి వాసన చూశాడు. తోక పైకెత్తి చుట్టూ తిరిగాడు. పొద్దుట్నుంచీ కనపడని తోడు వచ్చిందని సంబరపడుతున్నాడనుకున్నాను. లైటు తీసేసి పడుకున్నాను.

వాడి లెక్కలో ఆ వచ్చింది జున్నే కాదు. స్పిరిట్ వాసన, ఇనప బోను వాసన, పక్క బోనులో మొరిగిన కుక్క వాసన ఒంటినిండా పూసుకుని తన ఇంట్లో అడుగుపెట్టిన పరాయిది.

కుందేలుకి వెనక ఏం జరుగుతోందో కనపడుతుంది, నెత్తి మీద ఎగిరే గద్ద కనపడుతుంది. కళ్ళు రెండు పక్కలకీ ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూతా చూడగలదు. కానీ సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనపడదు. అక్కడ ముక్కూ మీసాలే దిక్కు. అంటే, ఎదురుగా మూతికి మూతి ఆనించిన తోడుని అది గుర్తుపట్టేది చూపుతో కాదు. గడ్డం కింద దానికొక గ్రంథి ఉంటుంది. మా ఇంట్లో కుర్చీ కాళ్ళు, గ్యాస్ సిలిండర్, నా చెప్పులు, చివరికి జున్ను నెత్తి కూడా బెల్లం గడ్డంతో రుద్దినవే. మన ముక్కుకి ఏమీ తెలియదు. ఆస్ట్రేలియాలో రోమన్ మికిటోవిచ్ అనే శాస్త్రవేత్త 1950లు, 60లలో కుందేళ్ళ గుంపులను ఏళ్ళ తరబడి గమనించి, గుంపులో పైమెట్టున ఉన్నవే ఇలా ఎక్కువగా గుర్తులు పెడతాయని చెప్పాడు. ఇది నాది, ఇది మనది అని రోజూ రాసుకునే పద్దు అది. ఆసుపత్రి నుంచి వచ్చిన జున్ను మీద ఆ పద్దు చెరిగిపోయి ఉంది.

ఇంత మాత్రం మనకెందుకు తెలియలేదని చాలాసార్లు ఆలోచించాను. మన కథల్లో కుందేళ్ళకి కొదవ లేదు. సింహాన్ని బావిలో దూకించినదీ కుందేలే, చంద్రుడిలో కనిపించేదీ కుందేలే. మా అత్తయ్య చిన్నప్పుడు కంది చేలల్లో చూసినవీ కుందేళ్ళే. వాళ్ళ ఊళ్ళో చెవులపిల్లి అంటారు. కానీ అవన్నీ వేరే జంతువు. మన చేలల్లో తిరిగేది నల్లమెడ కుందేలు. అది బొరియ తవ్వదు, గుంపు కట్టదు, గడ్డి దుబ్బు పక్కన ఒంటరిగా పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని పుడతాయి. 1972 నాటి వన్యప్రాణుల చట్టం దానికి రక్షణ ఇచ్చింది. పట్టి పెంచుకోవడం నేరం. మనం ఇళ్ళల్లో పెంచుకునేవి ఐరోపా కుందేలు సంతతి, స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలల నుంచి వచ్చినవి. ఇవి నేల కింద బొరియల ఊళ్ళు కట్టుకుని పదీ పరకా కలిసి బతుకుతాయి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. రెండింటికీ తెలుగులో ఒకే మాట కావడంతో, ఒంటరి కుందేలు గురించి తాతలనాటి నుంచి విన్నదే ఇంట్లోని కుందేలుకీ సరిపోతుందనుకుంటాం. కలిసి బతికే కుందేలు ఎలా కలహిస్తుందో, ఎలా రాజీపడుతుందో మనకి ఎవరూ చెప్పలేదు.

1964లో ఆర్.ఎం. లాక్లీ అనే ప్రకృతి పరిశీలకుడు వేల్స్‌లో అడవి కుందేళ్ళను గమనించి ఒక పుస్తకం రాశాడు. రిచర్డ్ ఆడమ్స్ 1972లో ప్రచురించిన 'వాటర్‌షిప్ డౌన్' నవలలో కుందేళ్ళ నడవడికకి ఆధారం ఆ పుస్తకమే. అడవి కుందేళ్ళ గుంపులో మగవాటికొక వరస, ఆడవాటికొక వరస ఉంటాయి. ఆ వరస ఒకసారి కుదిరాక రోజూ కొట్లాడుకోవు. పైది ఒక్క అడుగు ముందుకేస్తే కిందది తప్పుకుంటుంది. ఎప్పుడైనా వరస కదిలితే తరుముడు, కరుపు. ఓడింది పారిపోతుంది, అంతటితో సరి. నా మనసులో నాటుకుపోయింది ఈ పారిపోవడమే. పచ్చిక బయల్లో పారిపోవడానికి చోటుంది. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఎక్కడికి పారిపోతుంది? దివాన్ కిందికి. దాని వెనక గోడ. అందుకే ఇళ్ళల్లో కుందేళ్ళ కొట్లాట అడవిలో కంటే ఘోరంగా ముగుస్తుంది. తప్పు వాటి స్వభావానిది కాదు, మన గోడలది. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి అట్టపెట్టెకీ రెండు ద్వారాలు కోసి పెట్టాను, ఒకవైపు నుంచి తరిమితే ఇంకోవైపు నుంచి పోయేందుకు.

ఆ రోజు మాత్రం నేను చెయ్యకూడని పని చేశాను. భయపడి బెల్లాన్ని బెడ్‌రూమ్‌లో, జున్నుని హాల్లో పెట్టి తలుపు మూసేశాను. పది రోజులు ఒకదానికొకటి కనపడలేదు, వాసన తగల్లేదు. పదకొండో రోజు, ఇక కోపం తగ్గి ఉంటుందని, ఎదురెదురుగా వదిలాను. అరక్షణం చూసుకున్నాయి. ఆ తర్వాత కనపడింది రెండు కుందేళ్ళు కాదు, బొంగరంలా తిరిగే ఒక బొచ్చు ఉండ. ఒకదాని పొట్టకి ఇంకొకటి మూతి పెట్టి, వెనక కాళ్ళతో చీల్చుకుంటూ. చెయ్యి పెట్టి విడదీశాను. నా ఎడమ బొటనవేలి మీద గాటు ఇప్పటికీ ఉంది. అది అవి నన్ను కరవాలని కరిచింది కాదు; ఆ క్షణంలో వాటికి చెయ్యి కనపడదు. ఎప్పుడూ చెయ్యి పెట్టకండి. మందపాటి టవల్ విసిరి కప్పాలి, లేదా చీపురో చెత్త చేటో మధ్యలో అడ్డం పెట్టాలి.

వేరువేరు గదుల్లో ఉంచిన ఆ పది రోజుల్లో నేను చేసిందేమిటంటే, చెరిగిన పద్దుని పూర్తిగా చింపేశాను. ఇద్దరు మనుషులు గొడవపడితే కొన్నాళ్ళు దూరంగా ఉంచడం మనకి అలవాటు. దూరం కోపాన్ని చల్లారుస్తుంది మనుషుల్లో. కుందేళ్ళలో దూరం పరాయితనాన్ని పెంచుతుంది.

తిరిగి జత కుదర్చడానికి మూడు వారాలు పట్టింది. హాల్లో రెండు కంచెలు పక్కపక్కనే పెట్టాను, మధ్యలో జానెడు సందు వదిలి, జాలీలోంచి ముక్కు కొరుక్కోకుండా. రోజూ సాయంత్రం ఒకదాని ట్రే ఇంకొకదాని వైపు మార్చేదాన్ని. దీని కింద పరిచిన గుడ్డ దానికి, దాని గుడ్డ దీనికి. గరిక కట్టలు సందుకి ఇటూ అటూ పెట్టి, ఒకే సమయంలో తినేలా చూశాను. వినాయక చవితి రోజులు కావడంతో వీధి చివర కావలసినంత గరిక దొరికింది. మొదటి నాలుగు రోజులు బెల్లం వీపు తిప్పి తిన్నాడు. ఐదో రోజు పక్కకి తిరిగాడు. రెండో వారం చివర్లో రెండూ కంచెకి ఆనుకుని, జానెడు దూరంలో, కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. వేటకి బలయ్యే జంతువు కాళ్ళు బార్లా చాపి పడుకుందంటే నమ్మకం కుదిరిందన్నమాట.

అప్పుడు మొదలుపెట్టాను కలపడం, అదీ వాటి గుర్తులు లేని చోట. కింది అంతస్తు చెల్లి వాళ్ళ బాల్కనీ అడిగాను. తను రోజూ పావుగంట ఇచ్చింది. రెండింటి నుదుటి మీదా చిటికెడు అరటిపండు మెదిపి రాశాను. మొదటిరోజు జున్ను తల వంచి బెల్లం గడ్డం కింద పెట్టింది. అది లొంగిపోవడం అనుకుంటారు చాలామంది. కాదు, "నన్ను నాకు" అని అడగడం. చాలాసార్లు అలా అడిగేది వరసలో పైనున్నదే. బెల్లం నాకలేదు. జున్ను గుర్రుమంది, ముందుకు దూకింది. విడదీయకుండా ఊపిరి బిగబట్టి చూశాను. వాడు పక్కకి తప్పుకున్నాడు. ఆరో రోజు నాకాడు. కొంతమంది కారులో తిప్పి, భయపెట్టి రెండింటినీ దగ్గర చేస్తారు. నాకు ఆ పద్ధతి ఇష్టం లేదు. భయంతో ఒకదానికొకటి అతుక్కోవడం స్నేహం కాదు.

ఆ తర్వాత మళ్ళీ కొట్లాడలేదా అంటే, కొట్లాడాయి. ఇక్కడే పెంచేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఎక్కువ. ఒకటి ఇంకొకదాన్ని రెండు చుట్లు తరిమి ఆగిపోవడం, వీపెక్కడం, ఒక కుచ్చు బొచ్చు పీకడం, కాలు నేలకేసి కొట్టడం, ఇవి వాటి మాటలు. వీటికి విడదీస్తే మాట మధ్యలో తెంపినట్టే. చెవులు వెనక్కి అంటుకుని, తోక నిక్కబొడుచుకుని, రెండూ ఒకదాని తోక వైపు ఇంకొకటి మూతి పెట్టి గిరగిరా తిరగడం మొదలైతే మాత్రం క్షణం ఆగకూడదు. ఒకటి ఇంకొకదాని తల వైపు నుంచి ఎక్కినా ఆపాలి. కింద ఉన్నది కరిచే చోటు చాలా సున్నితమైనది.

మే నెలలో ఒకసారి మధ్యాహ్నం కొట్లాడాయి. బయట నలభై దాటిన ఎండ. కుందేలుకి చెమట పట్టదు, వేడిని చాలామటుకు చెవుల నుంచి వదులుకోవాలి. గడ్డ కట్టించిన నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టాను, ఒక్కటే. దాని కోసమే గొడవ. రెండో సీసా పెట్టాను, గొడవ లేదు. దీపావళి రాత్రి ఇంకోసారి. కింద లక్ష్మీబాంబు పేలింది; బెల్లం భయంతో పక్కనున్న జున్నుని కరిచాడు. బాంబుని కరవలేడు కదా. ఇప్పుడు ఆ రాత్రి కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, నేను వాటి మధ్య నేల మీదే కూర్చుంటాను.

అసలు మొదటి గొడవ మాత్రం వాటికి నాలుగో నెల వచ్చినప్పుడు. షాపులో రెండూ ఆడవే అన్నారు, మేం నమ్మాం. పశువుల డాక్టరు చూసి ఒకటి మగది అన్నారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యాక కూడా మగ కుందేలుకి నాలుగు నుంచి ఆరు వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది, కాబట్టి వెంటనే కలపకూడదు. ఆడదానికీ ఆపరేషన్ అవసరమే. చేయించకపోతే గర్భం లేకపోయినా ఉన్నట్టు భ్రమపడి, పొట్ట మీది బొచ్చు పీకి గూడు కట్టుకుని, దగ్గరికొచ్చిన ఎవరినైనా కరుస్తుంది. పెద్దయ్యాక గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. కిందటేడు జున్ను ఏ కారణం లేకుండా బెల్లం మీద విరుచుకుపడింది. వాసన మారలేదు, ఎండ లేదు, చప్పుడు లేదు. మూడు రోజులు కారణం వెతికాను. వంటింటి తూకం మీద పెడితే బెల్లం రెండు వందల గ్రాములు తగ్గాడు. కిలోన్నర ఉండే ప్రాణికి అది చాలా ఎక్కువ. దవడ పళ్ళు. ఎవరికీ కనపడకుండా దాచుకున్న నొప్పిని జున్ను నాకంటే ముందు పసిగట్టింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం రెండింటినీ తూకం వేసి క్యాలెండర్ మీద రాస్తున్నాను.

మీ ఇంట్లోనూ ఒక పొద్దున నేల మీద బొచ్చు కనపడితే, ముందు ఒక్కొక్కదాన్నీ విడిగా ఒళ్ళో పెట్టుకుని బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి. కుందేలు చర్మం పల్చన, గాటు పైకి కనపడదు. లోపల పట్టే చీము గడ్డ పెరుగులా గట్టిగా ఉంటుంది, దానంతటది కారిపోదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ నోట్లో వెయ్యకండి; మనం మామూలుగా వాడే అమాక్సిసిలిన్ కుందేలు ప్రాణం తీస్తుంది. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అర్ధరాత్రయినా డాక్టర్ని లేపండి. ఒకదాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే రెండోదాన్ని కూడా అదే బుట్టలో తీసుకెళ్ళండి, ఇద్దరికీ ఒకే వాసన అంటుతుంది. ఇక పడదని ఒకదాన్ని ఎవరికో ఇచ్చేద్దామనుకుంటే, ఇచ్చేముందు ఒక జానెడు సందు, రెండు కంచెలు, మూడు వారాలు వాటికి ఇవ్వండి.