స్వానుభవము, పరానుభవము

రచయిత తాను అనుభవించినదానినే వ్రాయవలెనా, అనుభవింపనిదానిని వ్రాయుటకు అతనికి అధికారము కలదా అను ప్రశ్న మన సాహిత్యమున క్రొత్తది కాదు. కాని గడచిన మూడు దశాబ్దులుగా అది మునుపెన్నడును లేనంత తీక్ష్ణముగా వినవచ్చుచున్నది. 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనములు వెలువడిన పిమ్మట స్త్రీ వేదనను పురుషుడును, దళితుని వేదనను ఇతరుడును తన సొత్తుగా చెప్పుకొనుట సులభము కాలేదు. హిందీలో ఈ వివాదమే ‘సహానుభూతి’, ‘స్వానుభూతి’ అను రెండు మాటల నడుమ సాగెను. 1997లో ప్రకటితమైన ఓంప్రకాశ్ వాల్మీకి ఆత్మకథ ‘జూఠన్’ చదివినవారికి రెండవ మాట ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వివాదమున రెండు పక్షములు కలవు. పడినవానికే బాధ తెలియును, కావున వాడే వ్రాయవలెనని ఒక పక్షము. ప్రతిభ కలవానికి అనుభవముతో పనిలేదు, కవి చూడనిది లేదని రెండవ పక్షము. చాలకాలము నేను రెండవ పక్షమున నిలిచితిని. ఇప్పుడు రెండింటియందును నాకు నమ్మకము సడలినది. సడలుటకు కారణము శాస్త్రగ్రంథములకంటె ముందు మా యింటనే దొరకినది. కావున ముందుగా దానిని విన్నవించుకొందును.

నేను పుట్టి పెరిగినది జంషెడ్‌పూరును ఆనుకొనియున్న గోవింద్‌పూర్. 1912లో ఉక్కు పుట్టిన సాక్చి గ్రామము 1919లో జంషెడ్‌పూరు అయ్యెను. కాలీమాటి స్టేషను టాటానగర్ అయ్యెను. 1945లో టెల్కో ఏర్పడి మొదట ఆవిరి రైలింజనులను, 1954 మొదలు లారీలను చేయసాగెను. ఈ కర్మాగారములలో పనికై శ్రీకాకుళపు ప్రాంతమునుండి తెలుగువారు తరతరములుగా రైలెక్కి వచ్చుచుండిరి. మా తండ్రిగారు అట్లు వచ్చినవారిలో ఒకరు. ఆమదాలవలసకు సమీపముననున్న ఒక పల్లెలో పుట్టి, పందొమ్మిదవ యేట శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో బండి యెక్కి, ఖరగపూరులో మారి, టాటానగర్‌లో దిగిరి. ముప్పది యేండ్లకు పైగా ఫోర్జిలో, అనగా ఎఱ్ఱగా కాలిన ఇనుమును సమ్మెటయంత్రము క్రింద పెట్టి రూపు దిద్దెడి శాలలో, పని చేసిరి.

ఆయన యింటికి వచ్చి మాటలాడినదంతయు ఊరిని గూర్చియే. ఏ మడికి ఏ గట్టు, ఏ చెరువుకు ఎన్ని తూములు, కోతలకు ఎవరెవరు వచ్చెడివారు — ఇవి వినుచు పెరిగినందున ఆ పల్లె నాకు నా చిన్ననాటి ఊరివలెనే తోచెను. నేను అచటికి వెళ్ళినది మాత్రము వేసవి సెలవులలో, నాలుగైదు పర్యాయములు. వేసవిలో పొలమున పంట ఉండదు. కావున నేను పంటను చూడలేదు. చూడలేదను సంగతియు నాకు స్ఫురింపలేదు.

ఎం.ఏ. ముగించిన యేడు నేనొక కథ వ్రాసితిని. పల్లెలో వరికోతలు, అన్నదమ్ముల వైరము, కళ్ళము దగ్గర రాజీ — ఇది అందలి వస్తువు. మట్టివాసన గలదని మిత్రులు మెచ్చుకొనిరి. కథను తండ్రిగారికి చదివి వినిపించితిని. ఆయన అంతయు విని, “కోసిన మర్నాడే నూర్చేసినావేటిరా? పనలు ఆరొద్దా?” అనిరి. కోసిన వరి పనలుగా మడిలోనే ఎండవలెననియు, పిదప కుప్ప వేయుదురనియు, ఆ కుప్ప నూర్పునకు వచ్చుటకు కొన్ని వారములైనను పట్టుననియు నాకు తెలియదు. ఆ వ్యవధియే లేకున్న నా కథలో అన్నదమ్ములు అంత త్వరగా రాజీపడుటకును ఆస్కారము లేదు. ఏలయన, పనలు ఎండు దినములలోనే పల్లెలో తగవులు పెరుగుననియు, తీరుననియు ఆయన నాకు తరువాత చెప్పిరి. నా తప్పు ఒక వ్యవసాయపు వివరమున జరిగిన తప్పు కాదు. కాలము నడచెడి తీరునే నేనెరుగను. మట్టివాసన అని మిత్రులు మెచ్చుకొన్నది ఇతర కథలనుండి నాకు అబ్బిన వాసన.

రెండవ తప్పు అనువాదకునిగా చేసితిని. శ్రీకాకుళపు పల్లెకు సంబంధించిన ఒక తెలుగు కథను హిందీలోనికి తెచ్చుచుండగా కళ్ళమును దున్నివేసిరను వాక్యము ఎదురయ్యెను. కళ్ళమునకు హిందీలో ఖలిహాన్ అను మాట సిద్ధముగా ఉన్నది. నిఘంటువు దోషమేమియు లేదు. కాని నా తలపున ఖలిహాన్ అనగా ఒక స్థిరమైన చోటు. దానిని దున్నుట ఎవరో కక్షతో చేసిన పాడుపని యని భావించి, ‘ఉజాడ్’ అను క్రియను వాడితిని. నా హిందీ పాఠకునకు అచట ఒక విధ్వంసము కనిపించును. ప్రూఫులు చూచుచుండగా తండ్రిగారిని అడిగితిని. ఆయన సిమెంటు నేలమీద వ్రేలితో గీసి చూపిరి. కోతలైన మడిలో ఒక మూల దుబ్బులు చెక్కి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి కళ్ళము చేయుదురు. నూర్పులైన పిదప అది మరల మడియే. తొలకరికి నాగలి దానిమీదనే పోవును. కళ్ళమనునది ఒక చోటు కాదు, ఏటేట పుట్టి ఏటేట మడిలో కలిసిపోవు ఒక పని. మూలరచయిత వ్రాసినది ఋతువు మారినదను ఒక సామాన్యవాక్యము. నేను దానిని దుఃఖవాక్యముగా మార్చితిని.

ఇంతవరకు చెప్పినది మొదటి పక్షమువారికి అనుకూలముగా ఉన్నది. అనుభవింపనివాడు తప్పు చేయును, ఆ తప్పును అనుభవించినవాడే పట్టుకొనును. నిజమే. కాని తరువాతి సంగతియు వినవలెను.

ఆ ప్రూఫులు దిద్దిన రాత్రియే తండ్రిగారిని, “మీరు ముప్పదియేండ్లు ఫోర్జిలో ఉంటిరి గదా, దానిని గూర్చి ఎన్నడును చెప్పలేదేమి?” అని అడిగితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, “అక్కడ చెప్పడానికేటుందిరా? వేడి” అనిరి. అంతే. పందొమ్మిదేండ్లు బ్రతికి విడిచివచ్చిన పల్లెను గూర్చి ఆయనకు వేయి మాటలున్నవి. అంతకంటె ఎక్కువ కాలము దినదినము చేసిన పనికి ఒక్క మాట ఉన్నది. అనుభవము ఆయనది, సంపూర్ణముగా ఆయనదే. అయినను అది వాక్కు కాలేదు. పల్లె దూరమైనందున మాటగా మారెను. కొలిమి దూరము కానందున మారలేదు. అనుభవించుట చాలును, సాహిత్యము దానంతట అదియే వచ్చునను మాట నేనిక నమ్మజాలను.

మన ఆలంకారికులు ఈ విషయమున ఎంత మెలకువతో మాటలాడిరో చూడదగును. మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న కావ్యహేతువులను చెప్పుచు శక్తిని, నిపుణతను, అభ్యాసమును పేర్కొనెను. నిపుణత లోకమును, శాస్త్రమును, కావ్యములను పరిశీలించుటవలన కలుగుననెను. లోకమును అనుభవించుటవలన అనలేదు, పరిశీలించుటవలన అనెను. ప్రతిభ ఒక్కటియే చాలునని చెప్పినవాడు కాడు. అనుభవమే కావలెననియు చెప్పినవాడు కాడు. ఇంకను లోతైన మాట అభినవగుప్తునిది. ‘ధ్వన్యాలోకము’నకు వ్యాఖ్య వ్రాయుచు, క్రౌంచవధఘట్టమున శ్లోకముగా పరిణమించిన శోకమును వాల్మీకి సొంత శోకముగా తలంపరాదని ఆయన హెచ్చరించెను. సొంత దుఃఖమున మునిగినవాడు దుఃఖించునే కాని శ్లోకము చెప్పడు. పక్షి కోల్పోయినది, ముని చూచెను. చూచుటకును కోల్పోవుటకును నడుమనున్న ఆ ఎడమునుండియే ఆదికావ్యము పుట్టినది. అయితే ముని అచటనే, నదీతీరమున, బాణము తగిలిన క్షణమున ఉండెనని మరువరాదు. అతడు విన్నవాడు కాడు, చూచినవాడు.

ఈ దృష్టితో మన భాషలోని రెండు గొప్ప రచనలను ప్రక్కప్రక్కన నిలిపి చూతము. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ 1922లో వెలువడెను. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. బారిస్టరు చదివిన బ్రాహ్మణుడు, జైలులో కూర్చుండి, తాను పుట్టని వాడను గూర్చి వ్రాసెను. అనుభవింపనివాడు చేయవలసిన ప్రయాణము ఆయన చేసెను. కూలి తగవును, వాడుకభాషను ఆయన పట్టుకొన్న తీరు చూచిన, చెవి యొగ్గి చాలకాలము విన్నవాడని తెలియును. కాని రామదాసు కుటుంబము మాటిమాటికి భక్తివేదాంతములవైపు మొగ్గునపుడు మనకు రచయిత పుస్తకశాల కనిపించును. తనకు తెలియనిచోట తనకు తెలిసినదానిని నింపెను. నా కథలో నేను చేసినదియు అదియే. ఆయన నింపినది మహత్తరమైనది, నేను నింపినది చౌకది, అంతియే భేదము.

జాషువగారి ‘గబ్బిలము’ 1941 నాటిది. అస్పృశ్యత ఆయన విన్నది కాదు, పడినది. అట్టివాడు తన కథను నేరుగా తన పేర చెప్పలేదు. ఒక అరుంధతీసుతుని కల్పించెను. కాళిదాసుని మేఘసందేశపు మార్గమును చేకొని, మేఘమునకు మారుగా గుడిగోడలకు వ్రేలాడెడి గబ్బిలమును దూతగా పంపెను. మానవునికి ప్రవేశము లేని దేవాలయమున గబ్బిలమునకు ప్రవేశమున్నది. ఈ ఒక్క ఊహలో అవమానమంతయు ఇమిడినది. అనుభవించినవాడు తన అనుభవమునుండి ఒక అడుగు వెనుకకు వేసి, దానిని చూడగల చోటును సంపాదించుకొనెను. ఆ అడుగు వేయుటకు ఆయనకు కావ్యపరిచయము తోడ్పడెను. మా తండ్రిగారికి కొలిమినుండి ఆ ఒక్క అడుగు వేయుటకు చోటు దొరకలేదు, సాధనమును దొరకలేదు.

కావున అనుభవించినవాడు తనదానినుండి కొంత తొలగవలెను, అనుభవింపనివాడు పరులదానికి చేరువ కావలెను. ఈ రెండు శ్రమలు సమానములని నేననను. మొదటివాడు వెల ముందే చెల్లించినవాడు. రెండవవాడు వెల చెల్లింపకయే సరకు పొందగోరుచున్నాడు. అందుచేత రెండవవాడు రుజువులు చూపవలసియుండుట న్యాయమే. నేటి దళిత, స్త్రీవాద విమర్శకులు అడుగుచున్నది ఈ రుజువునే యని నా అభిప్రాయము. అడుగుటను నిషేధముగా భావించి కోపగించుకొనుట మనవంటివారికి తగదు. “నీవు ఎచటనుండి చూచితివి?” అను ప్రశ్నకు రచనలో సమాధానము ఉండవలెను. రేవునుండి చూచినవాడు రేవునుండి చూచితినని ఒప్పుకొన్నచో అతని చూపునకును విలువ కలదు. నది మధ్యనుండి చూచితినని నటించినపుడే అది అసత్యమగును.

ఇక నన్ను ఎక్కువ బాధించు విషయము చెప్పి ముగింతును. ఆంధ్ర తెలంగాణములకు వెలుపల పుట్టిన తెలుగు రచయితలము, ఖరగపూరు మొదలు భిలాయి వరకు, ముంబయి మొదలు బరంపురము వరకు, కథ వ్రాయుటకు కూర్చున్నపుడు తరచుగా తల్లిదండ్రుల ఊరికి పోవుచున్నాము. విన్నదానిని వ్రాయుచు, చూచినదానిని విడుచుచున్నాము. నేను కథలో కళ్ళమును వర్ణింపబోయి తప్పులు చేసిన సంవత్సరములందు నా కన్నుల యెదుట ఉన్నదేమి? సి షిఫ్టు ముగించి తెల్లవారుజామున సైకిలు గోడకు చేర్చెడి తండ్రి. హిందీలో తిట్టుకొని, బెంగాలీలో బేరమాడి, తెలుగులో మ్రొక్కుకొనెడి వీధి. సంతాలీ మాటలాడు పొరుగువారు. ఇవి తెలుగు కథలో చోటునకు తగవని నాకెవరును చెప్పలేదు. నేనే అనుకొంటిని.

మా తండ్రిగారు పొయ్యిమీద మరుగుచున్న గిన్నెను గుడ్డ లేకుండ వట్టిచేతులతో దింపెడివారు. మా తల్లి ప్రతిదినము వద్దనెడిది, ఆయన ప్రతిదినము మరచెడివారు. ఫోర్జి నాకు అననుభూతమే. దానిని గూర్చి లోపలినుండి వ్రాయుటకు నాకు అర్హత లేదు. కాని ఆ గిన్నెను, ఆ చేతులను పదునెనిమిదేండ్లు దినదినము చూచినవాడను నేను. ఆయన చెప్పలేకపోయిన ముప్పదియేండ్లలో నా వంతుకు వచ్చిన స్వానుభవము అంతమాత్రమే. దానిని నేనింతవరకు ఒక్క వాక్యముగానైన వ్రాయలేదు. ఇతరుల రచనలలో అనుభవదారిద్ర్యమును వెదకుటకు ముందు విమర్శకుడు తన సంచిలో ఉన్నదేదో, వాడక మూలబడినదేదో ఒకమారు లెక్క చూచుకొనుట మేలు.