మాండవ్యోపాఖ్యానము – బాలదండవిచారము

భారతాదిపర్వమందలి మాండవ్యోపాఖ్యానమును విదురజన్మకారణముగా మాత్రమే చదువుట వాడుక. అందు దండనీతికిఁ జెందిన సిద్ధాంత మొకటి గలదు. చోరులతోఁగూడఁ బట్టువడి కొఱ్ఱున వేయఁబడిన మాండవ్యుఁడు యమునిఁ జేరి తన దండనమునకుఁ గారణ మడిగెను. బాల్యమునఁ గీటకములను గ్రుచ్చుటయే కారణమని యాతఁడు చెప్పెను. ముని యలిగి యాతనికి మనుష్యజన్మమును శపించి, పదునాలుగేండ్లలోపలి పనికిఁ బాపము లేదని మర్యాద యేర్పఱచెను.

ముని యాక్షేపము రెండు విధములు: అల్పదోషమునకు మహాదండము, బాల్యదోషమునకుఁ బ్రౌఢిమయందు దండము. రెండవదియే ప్రధానము. దమనము చేయునది గావున దండమని ధర్మశాస్త్రకారులు వ్యుత్పత్తి చెప్పిరి. దమన మనఁగా నదుపు నేర్పుట; బాధించుట గాదు.

2016 జనవరి 15 నుండి యమలునకు వచ్చిన 2015 బాలన్యాయచట్ట మీ త్రోవనే నడచుచున్నది. దాని 3వ సెక్షను నిందాపదములను నిషేధించి, బాలునికో సమాజమునకో హితము గాని యెడఁ దప్ప, న్యాయవిచారణము లేకయే మార్గాంతరమునఁ బరిష్కరించుటను బ్రోత్సహించుచున్నది. 18వ సెక్షను మందలింపు, సమాజసేవ, సత్ప్రవర్తననియమముతోఁ దల్లిదండ్రులకు నప్పగించుట మొదలగు నుపాయములను జెప్పినది. పదునెనిమిదేండ్లు నిండనివాఁడు బాలుఁడనుట యుత్సర్గము. ఘోరనేరములందుఁ బదునాఱేండ్లు నిండినవానిని బెద్దలవలె విచారింపవచ్చుననుట యపవాదము. అపవాద ముత్సర్గమును మ్రింగకుండఁ జూచుట విచారకుల భారము.

అయినను లోకమున "బాలనేరస్థుఁడు" అను మాటయే నిలిచియున్నది. నేరము దేశ్యము, స్థశబ్దము సంస్కృతము; ఇది వైరిసమాసము. రూపదోషముకంటె నర్థదోషము పెద్దది. నేరమునందే నిలిచియుండువాఁడని యర్థ మగుటచే నొకనాఁటి పని స్వభావమై పోవుచున్నది. "చట్టముతో వైరుధ్యమునఁ బడిన బాలుఁడు" అను చట్టపుమాట దీర్ఘమైనను నది యవస్థను జెప్పును గాని స్వభావమును జెప్పదు.

పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలలో సవరభాషయే యెఱిఁగిన బాలునికి నీ రెండు మాటలును బరభాషాపదములే. విచారణభాష తెలియని బాలునికి దుబాసి నొసఁగవలెనని 8వ సెక్షను విధించినది. గిడుగు రామమూర్తి పంతులు 1931లో సవరభాషాబోధినిని, 1938లో నిఘంటువును బ్రకటించి యా భాషకు వ్యాకరణము గలదని చూపెను. కావున నేర్చువారు లేరనుట సాకు మాత్రమే.

మాండవ్యుఁడు మౌనవ్రతుఁడై రాజభటులకు బదులు చెప్పలేదు. ఆ మౌనమే చౌర్యమునకు సాక్ష్యమైనది. భాష తెలియక యూరకున్న బాలుని మౌనమును నొప్పుకోలుగాఁ దలఁచినచో నా భటుల తప్పే మరలఁ జేసినట్లగును. మందలింపైనను, సమాజసేవయైనను వాని మాట విన్నపిమ్మటనే దమన మనిపించుకొనును.