ఆగిన గుండెను చూచుటకు ఎన్ని సెకనులు?

హైదరాబాదులోని ఉప్పల్ రోడ్డున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. తరంగములను భూమిలోనికి పంపి, అవి పొరలను తాకి మరలివచ్చు తీరునుబట్టి లోపలి నిర్మాణమును గుర్తించుట భూభౌతిక శాస్త్ర పద్ధతులలో ఒకటి. వైద్యుల అల్ట్రాసౌండ్ యంత్రమునకును ప్రతిధ్వనియే ఆధారము. 1953లో స్వీడన్ దేశమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు ఈ పద్ధతితో గుండె కదలికలను నమోదు చేసిరి.

అయితే ఒక భేదము కలదు. రాతిపొరను ఎంతసేపు పరీక్షించినను అది మారదు. ఆగిన గుండెను చూచుటకై చికిత్సను నిలిపిన ప్రతి సెకనును రోగికి నష్టమే.

నాచారం పారిశ్రామికవాడలో ఒక కార్మికుడు కుప్పకూలి, శ్వాస ఆగినదనుకొందము. రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 మార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను. ఇదియే సి.పి.ఆర్.లో ముఖ్యభాగము. నొక్కుట ఆపినంతనే రక్తపీడనము పడిపోవును. మరల కోలుకొనుటకు అనేక నొక్కుళ్లు కావలెను. కావున నాడి చూచుటకు సైతము 10 సెకనులకు మించి ఆపరాదు.

ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ వలన మేలు లేకపోలేదు. గుండె చుట్టు చేరిన ద్రవమువంటి, సరిదిద్దదగిన కారణమును అది చూపగలదు. 2016లో ప్రకటితమైన అమెరికా, కెనడాల పరిశోధనలో 793 మంది రోగులను పరిశీలించగా, గుండెలో కదలిక కనిపించినవారికే బ్రతుకు అవకాశము హెచ్చని తేలినది.

కాని 2017లో వెలువడిన రెండు అమెరికా పరిశోధనలు మరియొక సంగతి తెలిపినవి. ఒకదానిలో యంత్రము వాడినపుడు విరామము సగటున 21 సెకనులు, వాడనపుడు 13; రెండవదానిలో 17, 11. అనగా యంత్రము లేనపుడును నియమము తప్పినది! ఈ సంగతిని విస్మరించి నేరమంతయు యంత్రముపై మోపుట న్యాయము కాదు. పైగా ఒక్కొక్క పరిశోధనలో రోగులు పాతికకు లోపే. యంత్రమువలన ఆలస్యమైనదా, లేక చిక్కైన రోగులకే యంత్రమును వాడిరా అనునది కేవల పరిశీలనతో తేలదు.

రెండవ పరిశోధన చేసిన బృందమే 2018లో ఒక క్రమపద్ధతిని ప్రవేశపెట్టి, విరామము సుమారు 4 సెకనులు తగ్గినదని చూపినది. నొక్కుచుండగానే పరికరమును రొమ్ముపై సిద్ధముగా నుంచుట, ఒకరు సెకనులను బిగ్గరగా లెక్కించుట, చిత్రమును నమోదు చేసికొని, నొక్కుట మరల మొదలైన పిదప దానిని పరిశీలించుట మేలైన అలవాట్లు.

ప్రతిధ్వని పాఠము చెప్పు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో వాడవచ్చును. కొలతకు పట్టు కాలమును కొలతలో భాగమేయని విద్యార్థులు గ్రహింతురు. ఉప్పల్ వీధిలో ఎవరైనను కూలినపుడు యంత్రముతో పనిలేదు. 108కి ఫోను చేయించి, వెంటనే నొక్కుట మొదలిడవలెను.