మలక్కా చేతుల్లో

అరచేతి కంటే పెద్దది కాని ఒక గుడ్డముక్క. దాని మీద వేల గాజుపూసలు. ఒక్కో పూస ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. గుడ్డను కర్రచట్రానికి బిగించి, సన్నని సూదికి ఒక్కొక్క పూసనే ఎక్కించి, గళ్ల కాగితం మీది బొమ్మను చూసుకుంటూ వరుస వెంట వరుస కుట్టుకుపోవాలి. పూసల సైజులో రవ్వంత తేడా వచ్చినా వరుస వంకర పోతుంది. చైనా వర్తకులు స్థానిక స్త్రీలను పెళ్లాడగా ఏర్పడిన సమాజం బాబా న్యోన్యాలది. మలేసియాలోని మలక్కా పట్టణంలో ఆ సమాజపు ఆడవాళ్లు, అంటే న్యోన్యాలు, తరతరాలుగా చేసిన పని ఇది. ఈ పూసల చెప్పులను కాసుత్ మానెక్ అంటారు. జత పూర్తి కావడానికి వారాలు పడుతుంది. పూసలు మరీ సన్నవైతే, బొమ్మ చిక్కుదైతే నెలలే.

పెళ్లి ఈడుకు వచ్చిన ఆడపిల్ల పనితనాన్ని ఒకప్పుడు ఈ చెప్పులతోనే అంచనా వేసేవారు. పెళ్లికొడుక్కి, అత్తింటివారికి ఆమె స్వయంగా కుట్టి ఇవ్వాలి. ఆ పూసలు యూరప్ నుంచి ఓడల్లో వచ్చేవి. గులాబీలు, కుక్కపిల్లలు, హంసలు యూరపియన్ కుట్టుపుస్తకాల నమూనాల్లోంచి దిగాయి. పక్కనే ఉన్న ఫీనిక్స్ పక్షి, పియోనీ పువ్వు చైనావి. కుట్టిన ముక్కను అడుగుకు బిగించి చెప్పుగా మలిచే పని ఎక్కువగా చైనా చర్మకారులది. ఆ చెప్పుల మీదికి కట్టుకునేది మలయ్ సరోంగ్ అనే లుంగీ, కెబాయా అనే రవిక. కట్టుకునే ఆమె ఇంట్లో మాట్లాడేది మలయ్ భాష, మొక్కేది చైనా పితృదేవతలకు.

నాలుగు మూలల సరుకు ఒక జత చెప్పుల్లో ఇలా ఇమడటం మలక్కాకు కొత్తేమీ కాదు. ఈ ఊళ్లో ఎన్ని జాతులవారు ఉన్నారో ఏ టూరిస్టు కరపత్రమైనా చెబుతుంది. వాళ్లు ఎక్కడ, ఎలా కలిశారో తెలుసుకోవాలంటే మాత్రం పనివాళ్ల బల్లల దగ్గర కాసేపు నిలబడాలి. ఎర్ర భవనాల ముందు ఫొటో దిగి వెనుదిరిగేవారు ఊరిని సగమే చూసినట్టని ఈ కాలమ్ నమ్మకం.

ఈ కలయికకు మూలం గాలి. పాలెంబాంగ్ నుంచి వచ్చిన పరమేశ్వరుడనే రాకుమారుడు 1400 ప్రాంతంలో, నది సముద్రంలో కలిసేచోట ఈ రేవును స్థాపించాడు. గుజరాత్, కోరమండల్ ఓడలు నైరుతి రుతుపవనాలతో వచ్చేవి. చైనా ఓడలు ఈశాన్య గాలులతో దిగేవి. తిరుగు గాలి వీచేదాకా నెలల తరబడి ఇక్కడే ఉండక తప్పదు. ఆ నెలల్లోనే గోదాములు కట్టుకున్నారు, గుళ్లు కట్టుకున్నారు, స్థానిక స్త్రీలను పెళ్లాడి కాపురాలు పెట్టారు. పోర్చుగీసులు 1511లో ఈ ఊరిని పట్టుకున్న మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చిన పోర్చుగీసు రచయిత తోమే పిరెష్, రేవులో 84 భాషలు వినిపించేవని రాశాడు. సుల్తానుల కాలంలో రేవుకు నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు: గుజరాతీలకు ఒకరు, కోరమండల్, బెంగాల్, పెగూ వర్తకులకు ఒకరు, జావా, మలుకు దీవులవారికి ఒకరు, చైనావారికి ఒకరు.

ఇందులో మన తీరం వాటా ఏమిటో తెలుగు పాఠకులకు తెలియాలి. కోరమండల్ నూలుగుడ్డలే మలుకు వంటి తూర్పు దీవుల్లో లవంగాలకు, జాజికాయకు మారకపు సరుకు. గుడ్డ లేనిదే సుగంధ ద్రవ్యాల బేరం కుదిరేది కాదు. అందుకే డచ్చివారు 1605-06 నాటికే నిజాంపట్నంలో, మచిలీపట్నంలో కొఠీలు పెట్టుకున్నారు. మలక్కాను వాళ్లు పోర్చుగీసుల నుంచి గెలుచుకున్నది ఆ తర్వాత, 1641లో. కృష్ణా తీరపు అద్దకం గుడ్డలు ఆ దీవుల్లో పెళ్లిళ్లకు, పూజలకు దాచుకునే సొత్తుగా ఉండేవి. జావా బాతిక్ నమూనాల మీద భారతీయ అద్దకాల ముద్ర ఉందని వస్త్ర చరిత్రకారులు చెబుతారు. న్యోన్యాలు కట్టే సరోంగ్‌లు చాలావరకు ఆ జావా ఉత్తర తీరం నుంచి, పెకలోంగన్ వంటి ఊళ్ల నుంచి వచ్చినవే. పెడనలో కలంకారీ అచ్చు పట్టుకున్న మనిషి మలక్కా మ్యూజియంలో ఆ సరోంగ్ ముందు నిలబడితే, ఆ తీగల్లో తెలిసినవి కొన్ని కనిపించకపోవు.

టూరిస్టులు ఫొటోలు దిగే ఆ ఎర్ర కూడలి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డచ్ గవర్నర్ల నివాసమైన స్టాథయిస్ 1650 నాటిది, క్రైస్ట్ చర్చి 1753లో పూర్తయింది. ఈ ఎరుపు డచ్చివారిది కాదు, బ్రిటిష్ కాలంలో పడిన రంగు. చర్చిలో తప్పక తల ఎత్తి చూడవలసినవి పైకప్పు దూలాలు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, ఒక్కోటీ ఒకే చెట్టు నుంచి చెక్కినది, అతుకు లేదు. కొండ మీద సెయింట్ పాల్స్ శిథిలం ఉంది. క్రైస్తవ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకు చేర్చకముందు, 1553లో, కొంతకాలం అక్కడే ఖననం చేశారు. కొండ దిగువన పోర్చుగీసు కోటలో మిగిలింది ఒక్క ద్వారమే. 1807లో బ్రిటిషర్లు కోటను కూల్చేస్తుంటే, ఆ ద్వారం నిలవడానికి బ్రిటిష్ అధికారి స్టాంఫర్డ్ రాఫిల్స్ జోక్యమే కారణమంటారు.

నది దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాక మలక్కా అసలు ముఖం తెలుస్తుంది. అక్కడ కంసాలి వీధి, కమ్మరి వీధి ఇంకా ఆ పేర్లతోనే ఉన్నాయి: జలాన్ తుకాంగ్ ఎమాస్, జలాన్ తుకాంగ్ బెసి. కొద్ది నిమిషాల నడకలో మూడు ప్రార్థనా స్థలాలు తగులుతాయి. ఒకటి 1781 నాటి వినాయకుడి గుడి, దానికి స్థలం ఇచ్చింది డచ్ ప్రభుత్వం. ఇంకొకటి చెంగ్ హూన్ తెంగ్, 17వ శతాబ్దపు చైనా ఆలయం. మూడోది కంపుంగ్ క్లింగ్ మసీదు. దక్షిణ భారత ముస్లిం వర్తకులు 1748లో దాన్ని చెక్కతో కట్టారు, 1872లో ఇటుకతో తిరిగి కట్టారు.

ఒక్క పూటే ఉన్నవారు మిగతావన్నీ వదిలేసి ఆ మసీదు దగ్గర గడిపినా నష్టం లేదు. పైకప్పు సుమత్రా తీరులో మెట్లు మెట్లుగా లేస్తుంది. మినార్ బౌద్ధ పగోడాలా అంతస్తులుగా ఉంటుంది. లోపల స్తంభాలు కొరింథియన్ శైలివి, వేలాడే దీపగుచ్ఛం విక్టోరియన్ కాలానిది, నేల మీద, గోడల మీద ఇంగ్లండ్, పోర్చుగల్ టైల్స్. చెక్క వేదిక మీద చెక్కడంలో హిందూ, చైనా పనితనం రెండూ కనిపిస్తాయి. ఇవన్నీ కలిపితే అతుకుల బొంతలా ఉండాలి. ఉండదు. ప్రతి పనివాడూ తనకు చేతనైన పద్ధతిలోనే చేశాడు, పక్కవాడి పనికి చోటు వదిలాడు. చేయించినవారు కూడా మా పద్ధతే కావాలని పట్టుబట్టినట్టు లేదు. ఇక చైనా ఆలయం పైకప్పు అంచుల మీది పువ్వులు, దేవతామూర్తులు రంగురంగుల పింగాణీ గిన్నెలను పగలగొట్టి, ముక్కలను కత్తిరించి అతికించినవి. ఆలయాన్ని మరమ్మతు చేసేటప్పుడు ఆ పని తెలిసినవారిని చైనా నుంచి రప్పించవలసి వచ్చింది. ఆ పునరుద్ధరణకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది.

వినాయకుడి గుడిని నడిపేది చెట్టి సమాజం. సుల్తానుల కాలంలో కోరమండల్ నుంచి వచ్చి, మలయ్ స్త్రీలను పెళ్లాడి స్థిరపడిన తమిళ వర్తకుల సంతతి వాళ్లు. శైవులు. కానీ ఇంట్లో మాట్లాడేది మలయ్. ఆడవాళ్ల సంప్రదాయ వేషం సరోంగ్, కెబాయా. గజా బెరాంగ్ దగ్గర వాళ్ల పేట ఉంది. తోటల్లో కూలికి 19వ శతాబ్దంలోనూ, ఆ తర్వాతా వచ్చిన తమిళులు, తెలుగువాళ్లు వేరు. పెరాక్ కొబ్బరితోటల్లో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది భాషను, సంఘాలను నిలుపుకున్నారు. చెట్టి వాళ్లకు భాష పోయి పూజ మిగిలింది. ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే తీర్పు బయటివారు చెప్పగలిగేది కాదు.

నది అవతలి ఆ వీధుల వెంట ఇళ్లు సన్నగా, లోతుగా ఉంటాయి. ముందు గుమ్మం కొన్ని మీటర్లే, వెనక్కి నడిస్తే ఇల్లు ఎంతకీ తరగదు. మధ్యలో ఆకాశానికి తెరిచిన నడవలు, వాన నేరుగా లోపల పడుతుంది. కోనసీమ మండువా లోగిలి చూసినవారికి ఆ వెలుతురు, ఆ చల్లదనం వెంటనే అర్థమవుతాయి. హీరెన్ స్ట్రీట్‌గా పేరుపడిన తున్ తాన్ చెంగ్ లాక్ వీధిలో బాబా న్యోన్యా మ్యూజియం అలాంటి మూడిళ్లను కలిపినది. అదే వీధిలో 8వ నంబరు ఇల్లు 18వ శతాబ్దపు డచ్ కాలం నాటిది. మలేసియా వారసత్వ సంస్థ బదాన్ వారిసాన్ దాన్ని పాత సున్నపు పద్ధతుల్లో బాగుచేసింది. గోడ ఎలా కట్టారో కళ్లకు కట్టాలంటే ఆ చిన్న ఇల్లే నయం. నది ఒడ్డున కంపుంగ్ మోర్టెన్‌లో మలయ్ చెక్క ఇళ్లున్నాయి. వాటి ముందు వంపు తిరిగిన మెట్ల మీద రంగు టైల్స్ చూడకుండా రాకూడదు.

ఈ ఇళ్లు నిలిచాయి. ఇళ్లలో పని చేసినవారు చాలామంది వెళ్లిపోయారు. ఇది మలక్కా కథలో అందరూ మాట్లాడని భాగం. 1948కి ముందు కట్టిన ఇళ్లకు మలేసియాలో అద్దె నియంత్రణ చట్టం ఉండేది. దాని నీడలో కమ్మరులు, బుట్టలు అల్లేవారు, శవపేటికలు చేసేవారు, అగరొత్తుల కొట్లవారు తక్కువ అద్దెకు దశాబ్దాలు గడిపారు. 1997లో చట్టం రద్దయింది, గడువు ముగిసి 2000 నుంచి అద్దెలకు పట్టపగ్గాల్లేవు. ఆపైన 2008లో జార్జ్ టౌన్‌తో పాటు మలక్కాకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. హోటళ్లు, కాఫీ షాపులు, జ్ఞాపికల దుకాణాలు వచ్చాయి. గోడకు రంగు మార్చాలంటే అనుమతి కావాలి, కమ్మరి కొలిమి ఆరిపోతే అడిగే నిబంధన లేదు. వారసత్వం అంటే కట్టడమే అనుకున్నచోట ఇలాగే జరుగుతుంది.

అలాగని పాత పనులన్నీ కాపాడవలసినవే అనలేం. వా ఐక్ అనే పాత చెప్పుల కొట్టు చైనా స్త్రీల కట్టు పాదాలకు మూడంగుళాల పట్టుచెప్పులు చేయడంలో పేరుపొందింది. పసితనంలో ఎముకలు విరిచి పాదాలు కట్టే ఆ దురాచారం పోయింది. పోవలసిందే. ఆ చిట్టి చెప్పులు ఇప్పుడు గాజు అరల్లోకి, టూరిస్టుల సంచుల్లోకి చేరాయి. చేతిపని ఎంత అందమైనదైనా, అది ఎవరి బాధ మీద నిలబడిందో అడగాలి. ఆ ప్రశ్నకు నిలిచేవి మలక్కాలో ఇంకా చాలా ఉన్నాయి. కెబాయా అంచుల్లో కుట్టుమిషన్ మీదే పువ్వులు కుట్టి, మధ్య గుడ్డను కత్తిరించి జాలీ తీసే పని వాటిలో ఒకటి. 2024 డిసెంబరులో మలేసియా, ఇండోనేసియా, సింగపూర్, బ్రూనై, థాయ్‌లాండ్ ఉమ్మడిగా కోరితే యునెస్కో కెబాయాను వారసత్వ జాబితాలో చేర్చింది. కొబ్బరి పూగెల నుంచి గీసిన తియ్యటి నీరాను గంటల తరబడి కాచి, వెదురు గొట్టాల్లో పోసి ఆరబెట్టే గుల మెలకా బెల్లం మరొకటి. దాన్ని చెందోల్ అనే చల్లటి తీపి వంటకం మీద పోసినప్పుడు నోటికి తగిలే పొగవాసన ఆ పొయ్యిదే.

పాట సంగతి కూడా చెప్పాలి. దొందాంగ్ సాయాంగ్ పేరిట ఇద్దరు గాయకులు వయొలిన్, డప్పు, జేగంట మధ్య నాలుగేసి పాదాల పద్యాలు అప్పటికప్పుడు అల్లి ఒకరికొకరు బదులిస్తారు. మలయ్‌లు, బాబా న్యోన్యాలు, చెట్టీలు, పోర్చుగీసు సంతతివారు నలుగురూ దాన్ని తమదే అంటారు. 2018లో యునెస్కో గుర్తించింది. నాలుగు సమాజాలు ఒకే పాటను మాదంటే మాదంటూనే కలిసి పాడుకోవడం మలక్కా గురించి ఏ స్మారక ఫలకం కంటే ఎక్కువ చెబుతుంది.

ఎర్ర కూడలికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, వారసత్వ ప్రాంతపు హద్దుల బయట, ఉజోంగ్ పాసిర్‌లో పోర్చుగీసు సంతతి జాలర్ల పేట ఉంది. 1930లలో వాళ్ల కోసం కేటాయించిన నేల. మాట్లాడేది క్రిస్తాంగ్, పోర్చుగీసు మలయ్‌తో కలిసి ఏర్పడిన భాష. జూన్ 29న సెయింట్ పీటర్ పండక్కి పడవలను అలంకరించి చర్చి ఫాదర్ చేత ఆశీర్వదింపజేస్తారు. వాళ్ల పనిముట్టు లంగ్గియాంగ్, కత్తెరలా తెరుచుకునే రెండు వెదుళ్లకు కట్టిన సన్నకంటి వల. ఛాతీలోతు నీళ్లలో దాన్ని తోసుకుంటూ నడిచి గెరగావు అనే పొట్టు రొయ్యలను పడతారు. ఉప్పేసి, అన్నం కలిపి ఊరబెడితే అది చించలూక్, ఎండబెట్టి దంచితే బెలాచాన్. సముద్రం పూడ్చి నేల పెంచే పథకాల వల్ల తీరం జరిగిపోయింది, రొయ్య తగ్గింది, వల పట్టే కుర్రాళ్లూ తగ్గారు. మలక్కాకు వెళ్లేవారు ఆ పేటకు ఒక సాయంత్రం కేటాయించి, అక్కడి వంట తిని, వల ఎలా కడతారో అడిగితే, చెప్పడానికి పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.