‘నీటిబుడగ’కూ ‘క్యాన్సర్ గడ్డ’కూ నడుమ: క్లోమంలోని తిత్తి కణితులు - తెలుగు వైద్యపరిభాష

తెలుగు వైద్యపరిభాషపై జరిగిన చర్చ ఎక్కువగా సంస్కృతపదం మేలా, ఆంగ్లపదం మేలా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఒక పదం రోగి నిర్ణయాన్ని ఎటు నడిపిస్తుందన్నది అంతగా విచారణకు రాలేదు. క్లోమంలో అరుదుగా ఏర్పడే తిత్తి కణితుల విషయంలో ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రత్తిపాడులోనే కాదు, గుంటూరు, ప్రకాశం మైదానమంతటా కడుపులో తేలిన ఏ ఉబ్బైనా ‘గడ్డ’. స్కానింగులో ద్రవం కనిపిస్తే ‘నీటిబుడగ’, ప్రమాదమంటే ‘క్యాన్సర్ గడ్డ’. మొదటిది ధీమా ఇస్తుంది, రెండవది ఆశ తెంచుతుంది. శస్త్రచికిత్సతో నయం కాగల ఒక వ్యాధివర్గం ఈ రెండు మాటల నడుమ పేరులేకుండా ఉండిపోయింది.

‘నీటిబుడగ’ అండాశయం విషయంలో స్థిరపడిన మాట. అక్కడ చాలా బుడగలు వాటంతటవే తగ్గిపోతాయి. ఆ అనుభవాన్ని క్లోమానికి అన్వయించడంలోనే చిక్కు. మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్ అనే కణితి దాదాపు స్త్రీలలోనే, అధికంగా నడివయసులో, క్లోమం మధ్య, తోక భాగాలలో వస్తుంది. దాని గోడలో అండాశయ కణజాలాన్ని పోలిన పొర ఉండటం నిర్ధారణకు ప్రధానలక్షణం. అంటే, అండాశయపు బుడగ గురించి విని ఉన్న స్త్రీకే ఈ కణితి వచ్చే అవకాశం ఎక్కువ!

1978లో కంపానో, ఎర్టెల్ అనే పరిశోధకులు ఈ కణితులను పలుచని ద్రవంతో నిండినవి, జిగటద్రవంతో నిండినవి అని వేరుచేశారు. మొదటివి దాదాపు ఎల్లప్పుడూ నిరపాయకరం. రెండవ రకం ప్రస్తుతానికి హాని చేయకపోయినా ప్రాణాంతకంగా మారగలదు. అలా మారినదే సిస్ట్‌అడినోకార్సినోమా. మన పాఠ్యగ్రంథాల ‘నిరపాయ - అపాయ’ విభజనలో ఈ మధ్యస్థితికి చోటు లేదు. దీనిని ‘అపాయోన్ముఖం’ అనవచ్చు.

‘బుడగ’ అన్నప్పుడు మన ఊహ లోపలి ద్రవం మీదికి పోతుంది. దాన్ని తీసేస్తే సరిపోతుందనిపిస్తుంది. క్లోమశోథ తరువాత ఏర్పడే మిథ్యాతిత్తికి ద్రవాన్ని బయటికి పంపడం చికిత్సే కావచ్చు, ఎందుకంటే దాని గోడకు సొంత కణాల పొర ఉండదు. జిగటతిత్తిలో వ్యాధి ఉన్నది గోడలోనే. ద్రవం తోడి గోడను వదిలేస్తే కణితిని వదిలేసినట్టే. అందువల్ల ‘బుడగ’ కన్న ‘తిత్తి’ సమర్థమైన పదం. కొలిమితిత్తి, నీటితిత్తి, ఊపిరితిత్తి - వీటన్నిటిలోనూ గోడ మనకు స్ఫురిస్తుంది. పత్తిరైతుకు ఇది మరీ సులభంగా బోధపడుతుంది. గులాబీరంగు పురుగు చేరిన కాయ పైకి బాగానే కనిపిస్తుంది, విప్పితే గానీ తెలియదు. తొలగించిన తిత్తి గోడను పాథాలజిస్టు విస్తృతంగా పరీక్షించవలసి రావడానికీ కారణం ఇదే. ప్రాణాంతకమైన మార్పు ఏ మూలనో చిన్న భాగంలో దాగి ఉండవచ్చు.

‘క్లోమం’ అన్న పేరు కూడా నిర్వివాదం కాదు. ఉదకవహ స్రోతస్సులకు మూలంగా చరకుడు చెప్పిన క్లోమం ఏ అవయవమో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. హిందీ జీవశాస్త్రంలో ఆ మాటకు చేపమొప్ప అని అర్థం. అయినా తెలుగు పాఠశాల దానిని స్థిరపరచింది. మార్చనవసరం లేదు.

ఫలితాల విషయంలో మన పత్రికాభాష మరింత ఉదాసీనంగా ఉంది. 2011లో స్టీవ్ జాబ్స్ మరణాన్ని కేవలం ‘క్లోమ క్యాన్సర్’గా చెప్పుకున్నాం. ఆయనకు వచ్చింది న్యూరోఎండోక్రైన్ కణితి. క్లోమ క్యాన్సర్‌లో అన్ని రకాలూ, అన్ని దశలూ కలిపి ఐదేళ్లు జీవించేవారు అమెరికా లెక్కల్లోనే సుమారు 13 శాతం. పొరుగు కణజాలంలోకి చొచ్చుకుపోకముందే తొలగించిన జిగటతిత్తి మాత్రం సాధారణంగా నయమవుతుంది. చొచ్చుకుపోయాక ఫలితం దశను బట్టి క్షీణిస్తుంది. ఈ తేడా చెప్పకుండా ‘క్లోమ క్యాన్సర్ ప్రాణాంతకం’ అని రాసే వాక్యం, ఆపరేషన్‌కు ఒప్పుకోవలసిన కుటుంబాన్ని వెనక్కి లాగుతుంది.

‘తిత్తి’ అన్ని చోట్లా నిలవదన్నది అంగీకరించాలి. 1959లో ఫ్రాంట్జ్ వర్ణించిన సాలిడ్ సూడోపాపిల్లరీ కణితి ఎక్కువగా యువతులలో వస్తుంది. పూర్తిగా తొలగిస్తే ఐదేళ్లకు మించి జీవించేవారు 95 శాతానికి పైగానే. స్కానులో అది తిత్తిలా కనిపించినా, అసలు ఘనకణితి. లోపలి కణాలు నశించి ఖాళీలు ఏర్పడతాయి. దానిని ‘గుల్లబారిన కణితి’ అనడమే సరి.