నాలుగింట మూడు

పెద్దవూర మండలంలోని ఒక తండా బడి. ఐదో తరగతి పిల్లలకు బోర్డు మీద గుండ్రం గీసి, నాలుగు ముక్కలు చేసి, మూడింటికి రంగు వేయమన్నాం. అందరూ వేశారు. కింద 3/4 అని కూడా రాశారు. వెంటనే "40లో 3/4 ఎంత?" అని అడిగాం. ఎవరూ నోరు మెదపలేదు. కాసేపటికి ఒకరు 37 అన్నారు, ఇంకొకరు 43 అన్నారు. ఒక పాప మాత్రం "నలభై ఏంటియి సార్?" అని అడిగింది. అడ్డుప్రశ్న అనుకుని దాటేశాం. ఆ రోజు తరగతిలో అడగాల్సిన మాట అడిగింది ఆ పాప ఒక్కతేనని మాకు తర్వాత తెలిసింది.

భిన్నాలు చెప్పే మన పద్ధతిలో లోపం ఎక్కడుందో ఇక్కడే చూడాలి. గుండ్రం బొమ్మలో ముక్కలు ముందే చేసి ఉంటాయి. పిల్లవాడు పంచాల్సిన పని లేదు, లెక్కించి రంగు వేస్తే చాలు. 40లో 3/4 కనుక్కోవాలంటే మాత్రం ముందు సమానంగా పంచాలి, తర్వాత కావలసినన్ని వాటాలు తీసుకోవాలి. ఆ పంచడమే మనం నేర్పలేదు. దానికి బదులు "కింది దాంతో భాగించు, పై దాంతో గుణించు" అనే సూత్రం ఇచ్చాం. సూత్రం తప్పు కాదు. కానీ భాగిస్తే వచ్చిన 10 ఏమిటో తెలియని పిల్లవాడు పరీక్షలో మూడుతో భాగించి నాలుగుతో గుణిస్తాడు. వచ్చిన జవాబు 40 కన్నా పెద్దదైనా అనుమానపడడు.

రెండో లోపం మాటలో ఉంది. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. మా పిల్లలకు ఇంట్లో గోర్ బోలీ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. 3/4ను "త్రీ బై ఫోర్" అని చదివిస్తున్నాం. అందులో ఏ పని ముందు చేయాలో వినిపించదు. తెలుగులో దీన్నే "నాలుగింట మూడు వంతులు" అంటారు. ముందు నాలుగు వాటాలు చేయి, అందులో మూడు తీసుకో అని ఆ మాటే చెబుతోంది. లెక్క చేసే వరుస మాటలోనే ఉంది. "నూటికి పది" అన్నా అంతే: మొత్తం ముందు, వాటా తర్వాత.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. అది మా తల్లిదండ్రులు కోరుకున్నదే. "త్రీ బై ఫోర్" అనడానికి ముందు ఒక్కసారి తెలుగులో, ఒక్కసారి గోర్ బోలీలో అనిపించమంటున్నాం. వాటాను ఇంట్లో యాడి ఏమంటుందో పిల్లలనే అడగండి, వాళ్లే చెబుతారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో ఎనిమిది గిరిజన భాషలు ఉంటే, అందులో మన బంజారా భాష కూడా ఉంది. అంటే ఇది కొత్త కోరిక కాదు.

మేము మళ్లీ మొదటి నుంచి చెప్పాం. పన్నెండు చింతగింజలు ఇచ్చి నాలుగు కుప్పలు పెట్టమన్నాం. ఏక్, దీ, తీన్, చార్. కుప్పకు మూడు వచ్చాయి. మూడు కుప్పలు దగ్గరికి లాగితే తొమ్మిది. ఆ తర్వాతే పలక మీద 12 ÷ 4 = 3, 3 × 3 = 9 అని రాయించాం. మర్నాడు పాత 40ని తెచ్చి, "ఎకరానికి ఎన్ని గుంటలు?" అని అడిగాం. నలభై అన్నారు. పావెకరం పది గుంటలని కొందరికి ఇంట్లోనే తెలుసు. మూడు పావులు ముప్పై అని చాలామంది చెప్పారు. ఒక పిలగాడు "ఎకరానికి పది గుంటలు తక్కువ" అన్నాడు. అతను గుణించలేదు, తీసేశాడు. అదీ సరైన దారే. సూత్రం ప్రకారం చేయలేదని అలాంటి జవాబును కొట్టేయకూడదు.

ఇక్కడ మనల్ని మనం కూడా విమర్శించుకోవాలి. తండా పిల్లలకు బతుకులోనే లెక్క వస్తుందని మనం సభల్లో గొప్పగా చెబుతుంటాం. అది సగమే నిజం. పది గింజలు నాలుగు కుప్పలు పెట్టమంటే రెండు మిగులుతాయి, అక్కడ గింజ ఆగిపోతుంది. అప్పుడు బాటీని తెంపి చూపాలి: పది బాటీలు నలుగురికి పంచితే తలా రెండున్నర. పదిలో నాలుగింట మూడు వంతులు ఏడున్నర. గింజతో మొదలుపెట్టాలి కానీ అక్కడే ఆగితే పిల్లవాడు కాగితం మీది లెక్క దాకా రాడు. ఆఫీసుల్లో నడిచేది కాగితం మీది లెక్కే.

అక్కడే అసలు నష్టం ఉంది. 2025లో మొదలైన రైతు భరోసా ఎకరానికి పంటకు 6,000 రూపాయలు. ఎకరం పది గుంటలున్న ఇంటికి 7,500 రావాలి. గిరిజన రిజర్వేషన్ 2022లో నూటికి ఆరు నుంచి పదికి పెరిగింది. యాభై కొలువులుంటే నూటికి ఆరు లెక్కన మూడు, నూటికి పది లెక్కన ఐదు. ఈ లెక్క సొంతంగా కట్టలేని మనిషి ఎదుటివాడు చెప్పిన అంకెకే తలూపాలి. మన పెద్దలు అలా తలూపిన రోజులు మనకు కొత్త కాదు.

కాబట్టి సార్లకు, టీచరమ్మలకు, సాయంత్రం తండాలో చదువు చెప్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఒకటే. వంతు అడిగే ముందు మొత్తం దేనిదో చెప్పండి. 40 అని వదిలేయకండి. 40 గుంటలు, 40 రూపాయలు, 40 కిలోల పత్తి అనండి. జవాబు వచ్చాక, అది మొత్తం కన్నా చిన్నదా పెద్దదా అని పిల్లలతోనే చూపించండి. "నలభై ఏంటియి?" అని ఎవరైనా అడిగితే దాటేయకండి. మేము ఒకసారి దాటేశాం.