గుర్రానికి ముందు గడ్డి

"మావయ్యా, మన పుట్టగొడుగుల పొడి రేసు గుర్రాలకి పెడితే ఎలాగుంటాదంటావ్?" అని మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో మలక్‌పేట రేస్‌కోర్సు వైపు గుర్రాలకు దాణా సరఫరా చేస్తుంటాడు. రెండేళ్ల గుర్రప్పిల్లలు ట్రైనింగ్‌కు వచ్చిన కొత్తలో దగ్గుతాయి, మేత మానేస్తాయి. రీషి, కార్డిసెప్స్ పుట్టగొడుగుల పొడి అంటూ విదేశాల నుంచి వచ్చే డబ్బాలేమో ఖరీదు. మనమే ఎండబెట్టి పంపితే పోలా అన్నది వాడి ఆలోచన.

అమలాపురం దగ్గర మా పెరటి షెడ్డులో నేను చిప్ప పుట్టగొడుగులు పెంచుతాను, ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగులు. రెండింటికీ ఆధారం వరిగడ్డే. వాడికి జవాబు కూడా గడ్డి దగ్గర్నుంచే చెప్పాను.

మా వైపు సార్వా గడ్డి వేరు, దాళ్వా గడ్డి వేరు. సార్వా కోతలప్పుడు తుపాను పట్టిందంటే గడ్డి పనల మీదే తడిసి, నల్లబడి మేటులోకి చేరుతుంది. దాళ్వా గడ్డి ఏప్రిల్ ఎండకు కరకరలాడుతూ వస్తుంది. నేను తీసుకునేది అదే. రెండంగుళాల ముక్కలు కొట్టి, రాత్రంతా నానేసి, గంటసేపు వేడినీళ్లలో ఉడికించి, నీడన ఆరబెడతాను. గుప్పెట్లో పట్టి పిండితే అరచెయ్యి చెమ్మగిల్లాలి గానీ చుక్క రాలకూడదు. అప్పుడు పొరలు పొరలుగా విత్తనం చల్లి సంచి కడతాను. మూడు వారాల్లో లోపలంతా తెల్లటి దారాలు అల్లుకుంటే పంట చేతికొచ్చినట్టే. ఏ మూలైనా పచ్చబూజు కనిపిస్తే ఆ సంచి షెడ్డు దాటాల్సిందే. ఆ తెలుపూ శిలీంధ్రమే, ఆ పచ్చా శిలీంధ్రమే.

గుర్రం దగ్గర ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్యుజేరియం బూజు పట్టిన మొక్కజొన్నలో ఫ్యుమోనిసిన్ అనే విషం పుడుతుంది. అది తిన్న గుర్రానికి మెదడు కరిగిపోవచ్చు, లక్షణాలు కనిపించాక రోజుల్లోనే చనిపోవచ్చు. ఆ కోవ బూజులే పట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు తోక, చెవులు, కాళ్లు కుళ్లిపోయే డెగ్నాలా జబ్బు వస్తుంది.

విషం లేకపోయినా దుమ్ము ఉంటుంది. పాత గడ్డి దులిపితే లేచేదాంట్లో బూజు బీజాలు బోలెడు. గదిలో కట్టేసిన గుర్రం రోజంతా దాన్నే పీలుస్తుంది, దాంతో శ్వాసనాళాలు వాస్తాయి. ఇది నాకు స్వానుభవమే. చిప్పలు పూర్తిగా విచ్చుకునేదాకా కోయకపోతే వాటి బీజాలు షెడ్డంతా తెల్లగా లేస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా కోసిన రోజు సాయంత్రానికి ఛాతీ పట్టేస్తుంది. జాగ్రత్తపడని పెంపకందార్లకు అది ఊపిరితిత్తుల జబ్బుగా ముదరవచ్చు. అందుకే, "గడ్డి తడిపి పెట్టమని ముందు గుర్రాల్ని చూసే సైసులకి చెప్పరా, పొడి సంగతి తర్వాత" అన్నాను.

మేత మానెయ్యడం సంగతీ అంతే. గుర్రం కడుపు దాని ఒంటికి చిన్నది. మేసినా మేయకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలమే దానికి విరుగుడు. రోజులో ఎక్కువసేపు తల దించుకుని మేయడానికి పుట్టిన జంతువుకి గడ్డి తగ్గించి, పూటకింత ఓట్సు పోస్తే కడుపు పుండవుతుంది. ట్రైనింగ్‌లో ఉన్న రేసు గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ పుండ్లు ఉన్నాయని ఎండోస్కోపీ పరీక్షల్లో పదేపదే తేలింది. ఆ పుండు మీద మన పొడి ఏం చేస్తుంది?

పుట్టగొడుగును తక్కువ చేసే మనిషిని కాను, దాని మీదే బతుకుతున్నాను. దాని కణాల గోడల్లో ఉండే బీటా గ్లూకాన్లను తెల్లరక్తకణాల మీది డెక్టిన్-1 అనే గ్రాహకం గుర్తుపడుతుంది, ఒంట్లో రక్షణ వ్యవస్థ కదులుతుంది. అందులో సందేహం లేదు. కానీ ప్రయోగశాలలో కణాలు కదలడం వేరు, తెల్లారుజామున ట్రాక్ మీద పరిగెత్తే పిల్లకు దగ్గు తగ్గడం వేరు. గుర్రాల మీద జరిగిన పరీక్షలు కొద్ది, అవీ చిన్నవి. పైగా కొన్ని డబ్బాల్లో పుట్టగొడుగే ఉండదు. ధాన్యం మీద పెంచిన దారాలను ధాన్యంతో సహా పొడి కొట్టి నింపుతారు, అందులో పిండిపదార్థమే ఎక్కువ. ఇక ఆ పొడిలో నిషేధించిన మందు రవ్వంత కలిసి గుర్రం పరీక్షలో బయటపడితే జవాబు చెప్పుకోవాల్సింది ట్రైనరే.

మావాడికి పొడి పంపలేదు. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, మలక్‌పేటకు అదేం దూరం కాదు. అక్కడివాళ్లు ఒకే చోట, ఒకే గడ్డి తినే గుర్రప్పిల్లల్లో సగానికి పొడి కలిపి, సగానికి మామూలు దాణా పెట్టి, దేనికి ఏది పెట్టారో దగ్గు లెక్కపెట్టేవాళ్లకు తెలియకుండా ఒక సీజనంతా చూడాలి. అలాంటి పరీక్షకు ఎవరైనా పూనుకుంటే పొడి నేనిస్తాను. దాళ్వా గడ్డి మీద పెంచి, ఎండలో ఆరబెట్టిందే ఇస్తాను, పైసా తీసుకోను.